అన్ని బళ్ళూ ఆగే జంక్షన్లో ఆగని బండి

హనుమాన్ జంక్షన్ అనగానే మన ఐటీ జనాల్లో సగం మందికి 2001లో వచ్చిన సినిమా గుర్తొస్తుంది. మిగతా సగం మందికి హైదరాబాదు నించి రాజమండ్రి, కాకినాడ వైపు వెళ్ళే రాత్రి బస్సు గుర్తొస్తుంది. మావైపు వాళ్ళకి మాత్రం అది ఉత్త "జంక్షన్". మద్రాసు - కలకత్తా హైవే మీద (పాత నంబరు 5, ఇప్పుడు 16), ఒక పక్క నూజివీడు రోడ్డు, ఇంకో పక్క గుడివాడ రోడ్డు, మధ్యలో ఆంజనేయస్వామి గుడి. ఇక్కడ ఆగని బండి ఉండదు అంటారు. లారీ, బస్సు, చెరుకు ట్రాక్టరు, మామిడికాయల వ్యాను, అన్నీ ఆగుతాయి.

ఆగని బండి ఒకటుంది. గాలి బాగుచెయ్యటానికి వచ్చే డబ్బుల బండి.

జంక్షన్ కి పడమర విజయవాడ, తూర్పున ఏలూరు. ఈ రెండూ కేంద్ర ప్రభుత్వం 2019 జనవరిలో మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమం (ఎన్‌క్యాప్ అంటున్నారు) జాబితాలో ఉన్నాయి. దేశం మొత్తం మీద 131 ఊళ్ళు, మన ఆంధ్రాలో 13. రెంటికీ మధ్యలో ఉన్న జంక్షన్ లేదు. మరి గాలేమన్నా బెజవాడ కార్పొరేషన్ హద్దు దగ్గర టికెట్ తీసుకుని దిగిపోతుందా? అదే లారీ, అదే డీజిలు, అదే పొగ. ఎందుకిలా అని వెనక్కి తవ్వుకుంటూ పోతే యాభై ఏళ్ళ కథ తేలింది. అందులో స్వీడన్ ఉంది, అమెరికా ఉంది, ప్రపంచ బ్యాంకు ఉంది, మన దీపం పథకం ఉంది. కొంచెం పొడుగు టపా, టీ తెచ్చుకుని కూర్చోండి.

స్టాక్‌హోం నించి మొదలు

1972 జూన్ లో స్టాక్‌హోంలో ఐక్యరాజ్యసమితి మానవ పర్యావరణం మీద మొదటి పెద్ద సదస్సు పెట్టింది. మన దేశంలో 1981లో వచ్చిన వాయు కాలుష్య చట్టం తెరిచి చూడండి, పీఠికలోనే ఆ స్టాక్‌హోం సదస్సు పేరుంటుంది. అంటే మన గాలికి చట్టం రావటం వెనకే బయటి ప్రపంచం ఉందన్నమాట. తర్వాత 1984లో దేశవ్యాప్త గాలి కొలతల కార్యక్రమం మొదలైంది, అదీ ఆగ్రా, అన్పరాలలో ఏడంటే ఏడు కేంద్రాలతో. ఆ తర్వాత మెల్లగా పెరిగాయి. ఎక్కడ పెరిగాయి అంటే పట్నాల్లో, ఫ్యాక్టరీల పక్కన. ఇది గుర్తు పెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

మన రాష్ట్రానికి బయటి డబ్బు, బయటి సాయం గట్టిగా తగిలింది 1992లో. స్వీడన్ ప్రభుత్వ సాయంతో హైదరాబాదులో ఈపీటీఆర్ఐ అనే సంస్థ పెట్టారు. పర్యావరణ రక్షణకి శిక్షణ, పరిశోధన దాని పని. గచ్చిబౌలిలో ఐటీ కంపెనీలు లేచే రోజులకి ముందే అటువైపు వెలిసిన సంస్థల్లో ఇదొకటి. రోజూ దాని బోర్డు చూస్తూ ఆఫీసుకెళ్ళిన వాళ్ళు మనలో చాలామంది ఉంటారు, ఇదేంటని ఆగి చూసినవాళ్ళు తక్కువ.

2000ల మొదట్లో అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఒక కార్యక్రమం నడిపింది. పేరు సమగ్ర పర్యావరణ వ్యూహాలు. చైనా, చిలీ, మెక్సికో లాంటి దేశాల్లో చేసినట్టే మన దేశంలో హైదరాబాదుని ఎంచుకున్నారు, ఈపీటీఆర్ఐ ఇక్కడి భాగస్వామి. దాని ఆలోచన తెలివైనదే. బస్సులు పెంచితే, ఫ్యాక్టరీల్లో ఇంధనం ఆదా చేస్తే, ఊళ్ళో దుమ్ము, పొగ తగ్గుతాయి, భూమిని వేడెక్కించే వాయువులూ తగ్గుతాయి. ఒక దెబ్బకి రెండు పిట్టలు. 2005-06లో పంజగుట్ట, చిక్కడపల్లి, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఈ మూడుచోట్ల గాలిని ఫిల్టర్ల మీద పట్టి, ఆ మసి ఎక్కడిదో రసాయనాల లెక్కన తేల్చారు. వాహనాల వాటా పెద్దదని తేలింది. ఈ పనుల్లో ముఖ్యంగా కనపడే పేరు శరత్ గుత్తికొండ, తర్వాత అర్బన్ ఎమిషన్స్ అనే సంస్థ పెట్టి దేశంలో ఊరూరి గాలి లెక్కలు అందరికీ ఉచితంగా పెట్టిన తెలుగాయన.

ఇంతవరకూ మంచిదే. కానీ ఒకటి గమనించండి. కొలిచింది ఎక్కడ? పంజగుట్టలో.

పొయ్యి దగ్గర ఎవరు కొలిచారు?

గాలి కాలుష్యం అనగానే మనకి కళ్ళముందు సిగ్నల్ దగ్గర ఆగిన లారీ కనిపిస్తుంది. పొయ్యి ముందు కూర్చున్న అమ్మమ్మ కనపడదు. డెల్టాలో పుట్టిన వాళ్ళకి చెప్పక్కర్లేదు, తాటిమట్టలు, కొబ్బరిడొక్కలు, చిదుగులు, పిడకలు, ఊకపొయ్యి. ఊదుడు గొట్టం పెట్టి ఊదీ ఊదీ కళ్ళెర్రబడటం అనేది వంటలో భాగమే అన్నట్టుండేది. దాన్ని కాలుష్యం అని ఎవరూ అనలేదు. "పొగ" అన్నారు, అంతే.

దీన్ని మొదట సీరియస్ గా కొలిచినవాళ్ళలో కిర్క్ స్మిత్ అనే అమెరికన్ ఉన్నాడు. 1981లో గుజరాత్ పల్లెల్లో వంట చేసే ఆడవాళ్ళ ఒంటికి చిన్న పరికరాలు తగిలించి, వాళ్ళు పీల్చే పొగ ఎంతో లెక్కకట్టాడు. 2020లో పోయేదాకా నలభై ఏళ్ళు ఇదే పని మీదున్నాడు. ఆయనా, చెన్నైలో శ్రీరామచంద్ర వైద్య కళాశాలకి చెందిన కల్పనా బాలకృష్ణన్, ఇంకొందరూ కలిసి, ప్రపంచ బ్యాంకు ఆధ్వర్యంలోని ఇంధన కార్యక్రమం సాయంతో మన దగ్గర ఒక పెద్ద సర్వే చేశారు. నిజామాబాద్, వరంగల్, రంగారెడ్డి జిల్లాల్లో 420 ఇళ్ళు. ఫలితాలు 2004లో అచ్చయ్యాయి.

ఆ అంకెలు చూడండి. గ్యాస్ తో వండే ఇళ్ళలో 24 గంటల సగటున ఘనపు మీటరు గాలికి 73 మైక్రోగ్రాముల సన్న ధూళి. కట్టెలు, పిడకల ఇళ్ళలో అది 732 దాకా పోయింది. దాదాపు పదింతలు! అందరికన్నా ఎక్కువ పీల్చేది వంట చేసే ఆడవాళ్ళు, అందులోనూ 15 నించి 40 ఏళ్ళ వాళ్ళు. మగవాళ్ళలో ఐతే 65 దాటిన ముసలాళ్ళు, ఎందుకంటే ఇంటిపట్టున ఉండేది వాళ్ళే. పంజగుట్ట చౌరస్తా కన్నా పెద్ద పంజగుట్ట ప్రతి పల్లె వంటింట్లోనూ ఉందని తేలిపోయింది.

ప్రపంచ బ్యాంకు అంటే ఆ రోజుల్లో మన జనానికి కరెంటు ఛార్జీలు, 2000 ఆగస్టు బషీర్‌బాగ్ కాల్పులు గుర్తొచ్చేవి. ఆ బ్యాంకే వంటింటి పొగకి కొలతబద్ద కూడా తెచ్చిందన్నది నిజం. రెండూ చెప్పుకోవాలి.

దీపం పెట్టింది ఎవరు?

ఇప్పుడు అసలు తమాషా. కొలత బయటి డబ్బుతో వచ్చింది సరే, మందు ఎవరిచ్చారు? 1999 జూలైలో, అంటే ఆ సర్వే అచ్చుకి రాకముందే, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీపం పథకం మొదలుపెట్టింది. డ్వాక్రా గ్రూపుల్లోని ఆడవాళ్ళకి గ్యాస్ కనెక్షను, వెయ్యి రూపాయల డిపాజిట్ ప్రభుత్వమే కట్టింది, పొయ్యి కొనుక్కోవడం వాళ్ళ వంతు. మొదటి లక్ష్యం పది లక్షల కనెక్షన్లు. దేశం మొత్తానికి ఉజ్వల పథకం వచ్చింది 2016 మేలో. అంటే దానికి పదిహేడేళ్ళ ముందు మనం ఆ పని మొదలెట్టాం. కనెక్షన్ల డబ్బు మన బడ్జెట్టుదే.

ఐతే కథ అక్కడితో సుఖాంతం కాలేదు. ప్రపంచ బ్యాంకు వాళ్ళే దీపం ఇళ్ళకెళ్ళి చూస్తే, చాలా ఇళ్ళలో సిలిండరు మూల కూర్చునుంది. టీకి, చుట్టాలొస్తే కాఫీకి, వాన పడి కట్టెలు తడిస్తే వాడతారు. అన్నం, కూర మళ్ళీ కట్టెల మీదే. ఎందుకంటే కనెక్షను ఒక్కసారి ఖర్చు, రీఫిల్లు నెలనెలా ఖర్చు. చిదుగులు ఏరుకొస్తే డబ్బులు పెట్టక్కర్లేదు, ఆడమనిషి శ్రమకి బిల్లు ఎవరూ వెయ్యరు కదా. మన భాషలో చెప్పాలంటే, లైసెన్సు ఫ్రీగా ఇచ్చి సబ్‌స్క్రిప్షన్ నెలనెలా కట్టమన్నట్టు.

ఈ పాఠం నేర్చుకోటానికి ఇరవై ఏళ్ళు పట్టింది. దేశంలో ఉజ్వల కనెక్షన్లు పది కోట్లు దాటాయి, అక్కడా రీఫిల్లే సమస్య. ఆంధ్రాలో 2024 నవంబరు 1న మొదలైన దీపం-2 కనెక్షన్ల జోలికి పోకుండా ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం అంది. అంటే చివరికి రీఫిల్లు దగ్గరికే వచ్చాం. ఏడాదికి మూడు సరిపోతాయా అన్నది మీ అమ్మగారిని అడగండి, నన్ను కాదు.

మధ్యలో కార్బన్ వ్యాపారం

2005లో క్యోటో ఒప్పందం అమల్లోకొచ్చాక ఇంకో రకం డబ్బు దిగింది. ధనిక దేశాల కంపెనీలు తమ కార్బన్ లెక్క సరిచేసుకోటానికి మనలాంటి దేశాల్లో తగ్గించిన కార్బన్ ని కొనుక్కోవచ్చు. దాని కింద ఆంధ్రాలో ఊక, పుల్ల, పొట్టు కాల్చి కరెంటు తీసే చిన్న ప్లాంట్లు చాలా నమోదయ్యాయి. వడ్ల మిల్లు పక్కన ఊరికే పడుండే ఊక సరుకైపోయింది. ఆ లెక్కల పుస్తకంలో ఉన్నది కార్బన్ డయాక్సైడు టన్నులు. ఊకపొయ్యి దగ్గర కూర్చున్నావిడ ఊపిరితిత్తులకి అందులో కాలమే లేదు. 2012 కల్లా ఆ క్రెడిట్ల ధర పాతాళానికి పడిపోయింది, హడావిడీ చల్లబడింది.

డేటాబేసులు చేసేవాళ్ళం కాబట్టి మనకిది బాగా తెలుసు. టేబుల్లో కాలం లేకపోతే ఆ సంగతి ప్రపంచంలో లేనట్టే.

జరిగితే ఎలా జరుగుతుంది?

ప్రపంచం డబ్బులు పోగేసి గాలిని బాగుచేసిన సందర్భమే లేదా అంటే, ఉంది. ఓజోన్ పొర. 1987లో మాంట్రియల్ ఒప్పందం రాసుకున్నారు. మన దేశం, చైనా వెంటనే చేరలేదు. "చిల్లు పొడిచింది మీరు, మా ఫ్రిజ్జులు ఆపమంటారా, మార్చుకోటానికి డబ్బెవరిస్తారు?" అని అడిగాయి. 1990లో లండన్ లో ప్రత్యేక నిధికి ఒప్పుకున్నారు, 1991 నించి అది పనిచేసింది. 1992లో మనం చేరాం. చెప్పిన గడువుకన్నా ముందే, 2008లో, సీఎఫ్‌సీల తయారీ మానేశాం. జంక్షన్లో కూల్ డ్రింకు షాపు ఫ్రిజ్జు మారిపోయింది, షాపాయనకి ఒప్పందం పేరు కూడా తెలియక్కర్లేకపోయింది.

అక్కడ పని జరగటానికి మూడు కారణాలున్నాయి. ఆ పనికే కేటాయించిన నిధి, కట్టేవాళ్ళెవరో ముందే రాసుకున్న షరతు, ఎంత తగ్గిందో చూసే ఒకే లెక్క. మనం పీల్చే పొగకి అలాంటి నిధి ఈరోజుకీ లేదు. ఎందుకంటే ఓజోన్ చిల్లు పడితే సిడ్నీలోనూ చర్మం కాలుతుంది. జంక్షన్లో పొగకి దగ్గొచ్చేది జంక్షన్లో వాళ్ళకే.

లండన్ కేంద్రంగా 2019లో మొదలైన క్లీన్ ఎయిర్ ఫండ్ అనే సంస్థ ఏటా ఈ డబ్బుల లెక్క తీస్తోంది. 2015 నించి 2021 దాకా అంతర్జాతీయ అభివృద్ధి నిధుల్లో గాలి కాలుష్యం తగ్గించటానికే అని చెప్పి ఇచ్చింది ఒకే ఒక్క శాతం, 1730 కోట్ల డాలర్లు. అందులో 86 శాతం అయిదు దేశాలకే పోయింది: చైనా, ఫిలిప్పీన్స్, బంగ్లాదేశ్, మంగోలియా, పాకిస్తాన్. మన పేరు ఆ అయిదింటిలో లేదు. మరి జబ్బు చిన్నదా అంటే, 2021లో ప్రపంచంలో గాలి కాలుష్యం వల్ల పోయినవాళ్ళు 81 లక్షల మంది అని లెక్క. అందులో 31 లక్షల దాకా వంటింటి పొగ వల్లే.

మన దేశానికి వచ్చే కొద్దో గొప్పో అంతర్జాతీయ శ్రద్ధ కూడా ఢిల్లీ చుట్టూ, గంగా మైదానం చుట్టూ తిరుగుతుంది. అక్కడ గాలి ఘోరంగా ఉన్న మాట నిజమే, కాదనను. కానీ "మనం ఢిల్లీ కన్నా నయం" అన్నది మనకి మనం ఇచ్చుకునే పాస్ మార్కు. మన దేశపు ప్రమాణం ప్రకారం పీఎం 2.5 ఏడాది సగటు 40 దాకా ఫరవాలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 5.

మీటర్ లేని ఊరు ఫెయిలవ్వదు

ఇప్పుడు మళ్ళీ జంక్షన్ దగ్గరికొద్దాం. ఎన్‌క్యాప్ జాబితాలోకి ఊరు ఎలా ఎక్కుతుంది? వరసగా అయిదేళ్ళ కొలతల్లో ప్రమాణం దాటితే. కొలవాలంటే స్టేషను ఉండాలి. స్టేషన్లు ఎక్కువగా ఉన్నది పట్నాల్లో. అంటే పరీక్ష రాయనివాడు ఫెయిలవ్వడు, ఫెయిలవ్వనివాడికి ట్యూషన్ ఫీజు రాదు. విజయవాడ, విశాఖ లాంటి పది లక్షలు దాటిన నగరాలకి 15వ ఆర్థిక సంఘం గ్రాంటు, ఏలూరు లాంటివాటికి ఎన్‌క్యాప్ నిధి. పంచాయితీలకి దీని కింద ఏమీ లేదు.

వచ్చిన డబ్బేమైంది? ఢిల్లీలోని సీఎస్ఈ 2024లో లెక్క తీస్తే, అప్పటిదాకా విడుదలైన పదివేల కోట్ల పైచిలుకులో 64 శాతం రోడ్డు దుమ్ము మీద ఖర్చయింది. రోడ్లేయటం, ఊడ్చే మిషన్లు, నీళ్ళు చల్లటం. చెత్త, కట్టెలు వగైరా కాల్చటం ఆపటానికి 15 శాతం లోపు. పరిశ్రమల కాలుష్యానికి ఒక శాతం కూడా లేదు. రోడ్డు దుమ్ము కంటికి కనపడుతుంది, కాంట్రాక్టరుకి ఇంకా బాగా కనపడుతుంది. పీఎం 2.5 కనపడదు.

బయటి డబ్బు మీద ఆధారపడితే ఇంకో బాధ. హైదరాబాదులో అమెరికా కాన్సులేటు వాళ్ళు, బేగంపేట పైగా ప్యాలెస్ లో ఉన్న రోజుల నించీ, గాలి కొలిచి గంటగంటకీ ఆన్‌లైన్లో పెట్టేవారు. ప్రభుత్వం అంకెల్ని సరిచూసుకోటానికి అదొక రెండో గడియారం. 2025 మార్చిలో బడ్జెట్ లేదని అమెరికా విదేశాంగ శాఖ ప్రపంచమంతటా ఆ డేటా ఇవ్వటం ఆపేసింది. అదే ఏడాది జూలై కల్లా యూఎస్ఎయిడ్ సంస్థే మూతపడింది. ఎక్కడో ఒక ఎన్నిక జరిగితే ఇక్కడ మన మీటరు ఆగిపోయింది. మనం రాసుకోని ఏపీఐ మీద ప్రొడక్షన్ నడిపితే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా?

పోనీ డబ్బులు బాగా పెడితే అన్నీ సర్దుకుంటాయా అంటే అదీ అంత తేలిక కాదు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ, గేట్స్ ఫౌండేషన్ కలిసి మూడు కోట్ల డాలర్ల పైచిలుకుతో హేపిన్ అనే ప్రయోగం చేశాయి. గ్వాటెమాలా, పెరూ, రువాండా, మన పక్కనే తమిళనాడు. 3200 మంది గర్భిణుల్లో సగం మందికి గ్యాస్ పొయ్యి, రీఫిల్లు అన్నీ ఉచితం. పీల్చే పొగ మూడో వంతుకి పడిపోయింది. కానీ పుట్టిన పిల్లల బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, సగటున 20 గ్రాములు. ఫలితం 2022లో వచ్చింది. దీన్ని చూసి "గ్యాస్ దండగ" అనేవాళ్ళున్నారు. నేననేది వేరు. గ్యాస్ పొయ్యి గర్భం వచ్చిన తర్వాత ఇచ్చారు, అంతకుముందు ఇరవై ఏళ్ళు పీల్చిన పొగ సంగతేంటి? పొగ తగ్గిందన్నది మాత్రం ఆ ప్రయోగమే చూపించింది. ఊదుడు గొట్టం వదిలేసిన ఆడమనిషికి కళ్ళమంట తగ్గితే, అది ఏ పట్టికలో లేకపోయినా లాభమే.

ఈ యాభై ఏళ్ళ కథలో నాకు కనపడింది ఇది. బయటి డబ్బు మనకి బాగా చేసింది కొలవటం. ఆ 420 ఇళ్ళ అంకెలు లేకపోతే పొగ ఇంకా "పొగ" గానే ఉండేది. మందు ఇచ్చింది మాత్రం ఎక్కువగా మన డబ్బే, దీపం నించి ఎన్‌క్యాప్ దాకా. కాబట్టి కొలవటం కూడా మన చేతిలోకి తెచ్చుకోవాలి. రెండోది, గాలికి ఊరి హద్దులు పెట్టటం మానాలి. విజయవాడ, గన్నవరం, జంక్షన్, ఏలూరు ఒకే రోడ్డు, ఒకే గాలి. కాలవ కింద ఆయకట్టుని ఒక లెక్కగా చూస్తాం, పై ఊరి నీళ్ళకీ కింది ఊరి నీళ్ళకీ వేరే పద్దు రాయం. గాలికీ అలాంటి ఆయకట్టు ఉండాలి. అందులో బైపాస్ లారీలూ, ఊక ప్లాంట్లూ, మిషను కోత తర్వాత పొలంలో తగలబెట్టే వరిగడ్డీ, వంటింటి పొయ్యీ, అన్నీ లెక్కకి రావాలి.

మూడోది మనకి. ఊరికి స్వాగత ద్వారం, గుడికి గోపురం, బడికి బెంచీలు ఇచ్చే మనవాళ్ళు డల్లాస్ లోనూ ఉన్నారు, మాదాపూర్ లోనూ ఉన్నారు. చిన్న పీఎం 2.5 సెన్సరు ఇప్పుడు కొన్ని వేల రూపాయల వస్తువు. దాని అంకె ప్రభుత్వ స్టేషను అంత కచ్చితం కాదు, కానీ బొత్తిగా చీకట్లో ఉండటం కన్నా మేలు. బడి డాబా మీద ఒకటి, పంచాయితీ ఆఫీసు మీద ఒకటి, రెండేళ్ళు ఆపకుండా నడిపి అంకెలు అందరికీ కనపడేలా పెడితే, ఆ తర్వాత "మా ఊరూ ఫెయిలైంది, మా వాటా ఏది?" అని గ్రామసభలో అడగొచ్చు. సెన్సరు పెట్టటం ఒక్క ఆదివారం పని. అది ఆగిపోకుండా రెండేళ్ళు చూసుకునేది ఎవరన్నదే అసలు ప్రశ్న.

మీ ఊళ్ళో ఎవరైనా ఇలాంటిది పెట్టుంటే చెప్పండి. లేకపోతే పెట్టేవాళ్ళెవరో చెప్పండి.